ఫ్రిజ్జు వెనుకటి వేడి



నేను 35 సంవత్సరములు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. చిన్ననాట గురువులయొద్ద కావ్యములును, వ్యాకరణమును, కొంత తర్కమును చదువుకొంటినే కాని యంత్రవిద్య నేర్చినవాడను గాను. అట్టి నేను ఫ్రిజ్జును గూర్చి ప్రసంగింప బూనుట కొందఱకు వింతగా తోచవచ్చును. కాని 2023వ సంవత్సరము జూలై నెలలో అమెరికాదేశపు ఎడారిలో, నా ప్రాణమునకు ఆధారమైన మందు చెడిపోవునేమో యను భయము కలిగినప్పుడు, ఆ పెట్టెయొక్క మర్మమును నేను తెలిసికొనవలసివచ్చినది. తెలిసికొన్న పిదప, అది మన యిండ్లకును ఉపయోగపడునదని తోచి, మీకు మనవి చేయుచున్నాను.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉద్యోగి. మేమిరువురము, అనగా నేనును నా భార్యయు, వానిని చూడబోయితిమి. వాడు మమ్ము గ్రాండ్ కాన్యన్ అను మహాలోయకు తీసికొనిపోవుటకై ఒక క్యాంపరును అద్దెకు తెచ్చెను. క్యాంపరు అనగా ఇల్లు వంటి బండి. మన పెద్దలు గూడుబండిలో బియ్యము, కుండలు, పక్కబట్టలు వేసికొని తీర్థములకు పోయినట్లే, అక్కడివారు ఈ బండిలో సంసారమంతయు నెక్కించుకొని పోవుదురు. అందులో మంచము, పొయ్యి, నీళ్లతొట్టి మాత్రమే గాక ఒక ఫ్రిజ్జు కూడ నుండును.

నాకు చక్కెరవ్యాధి కలదు. రోజునకు రెండుసార్లు ఇన్సులిను సూదిమందు వేసికొనవలయును. మూడు నెలలకు సరిపడు సీసాలు ఇక్కడినుండియే తీసికొనిపోయితిని. మూత తీయని సీసాలను 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో నుంచవలయునని వైద్యుల యాజ్ఞ. అది గడ్డకట్టరాదు, వేడెక్కరాదు. గడ్డకట్టినదానిని పాఱవేయవలసినదే, వేడెక్కినది చూపునకు మంచిదిగానే కనబడును గాని గుణము తగ్గిపోవును. కంటికి కనబడని చెడుగు గనుక అది మఱింత భయంకరము.

మేము మొహావి ఎడారి దాటి, కొలరాడోనది యొడ్డునగల నీడిల్స్ అను చిన్న పట్టణమున బండి నిలిపితిమి. అది యెండకు పేరుపొందిన చోటు. ఆ నెలలోనే ప్రక్కనున్న అరిజోనా రాష్ట్రమున ఫీనిక్సు నగరమందు జూన్ 30 మొదలు జూలై 30 వఱకు, వరుసగా 31 దినములు, పగటి వేడి 43 డిగ్రీలకు తగ్గలేదు. మన గుంటూరు, రెంటచింతలవారికి ఆ యంకె క్రొత్తది కాదు గాని, నెలరోజులు విడువకుండ కాయుట మనకును అరుదే.

మఱునాడు మధ్యాహ్నము మా కోడలు పాలు కాచబోగా విరిగిపోయినవి. పెరుగు నోట పెట్టలేనంత పులిసినది. నాకు వెంటనే మందు జ్ఞాపకమునకు వచ్చెను. ఫ్రిజ్జులో ఒక గ్లాసెడు నీరు పెట్టి అందు ఉష్ణమాపకమును ఉంచి, గంట తరువాత చూచితిని. 13 డిగ్రీలు! వెలుపల 45. "నాన్నగారూ, గ్యాసుమంట చక్కగానే వెలుగుచున్నది, మఱి యిది ఏల చల్లబడదో నాకు తెలియుట లేదు" అని మా అబ్బాయి దిగులుపడెను. ముందుగా వాడు పరుగున పోయి ఐసుగడ్డలను, ఒక ఐసుపెట్టెను తెచ్చెను. సీసాలను తువాలులో చుట్టి, ఐసు నేరుగా తగులకుండ మధ్య ఒక అట్టముక్క నడ్డముపెట్టి, ఆ పెట్టెలో భద్రపఱచితిమి. ఒక మందులదుకాణములోని ఫార్మసిస్టు నడుగగా, కొలదిగంటలు 13 డిగ్రీలలో నున్నంత మాత్రమున మందు నశింపదనియు, అయినను ఆ తేదీ వ్రాసికొని, బయట ఉంచిన సీసాకు చెప్పిన గడువులోపలనే వాడుకొనుమనియు చెప్పెను. కొంత ఊరట కలిగినది. కాని ఎడారిలో ఎన్నిరోజులని ఐసును నమ్మి పోగలము?

మా ప్రక్క బండిలో ఒక వృద్ధుడుండెను. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడట. మా కంగారు చూచి తానే వచ్చెను. ఆయన ఫ్రిజ్జు తలుపును ముట్టనేలేదు. బండి వెలుపలికి పోయి, ఫ్రిజ్జు వెనుకతట్టున గోడకుండు జాలీని ఊడదీసి, లోపల చేయిపెట్టి, నన్ను కూడ చేయిపెట్టి చూడుమనెను. కుమ్మరి ఆవములో చేయిపెట్టినట్లు తోచినది! "జబ్బు ముందు లేదు, వెనుక నున్నది" అని ఆయన నవ్వెను. ఆ మాటకు అర్థము చెప్పవలెనన్న, ఆ యంత్రము పనిచేయు తీరును కొంచెము వివరింపవలయును.

మన యిండ్లలోని ఫ్రిజ్జులో కంప్రెసరు అనునది గుఱ్ఱుమని మ్రోగుచుండును. క్యాంపరులలో తఱచుగా నుండునది వేఱు జాతి. దానిలో మోటారు లేదు, చప్పుడు లేదు. క్రింద చిన్న గ్యాసుమంట వెలుగుచుండును. పై పెట్టెలో మంచు పట్టుచుండును. నిప్పు పెట్టి చలి పుట్టించుట! ఇంద్రజాలమువలె నున్నది గాని యిందు ఇంద్రజాలమేమియు లేదు.

వేసవిలో స్నానము చేసి తడియొంటితో గాలిలో నిలిచినచో చలివేయును గదా. నీరు ఆవిరి యగుటకు వేడి కావలయును. ఆ వేడిని అది మన యొంటినుండి లాగికొనును. చలివేంద్రములోని కుండనీరు చల్లబడుటకును ఇదియే కారణము. ఆ ఫ్రిజ్జులో నీటికి మాఱుగా అమోనియా అను వస్తువు కలదు. అది సున్నకు దిగువ 33 డిగ్రీలకే మరిగి ఆవిరి కాగలది. కనుక నీటికంటె నెంతయో ఎక్కువ చలిని కలిగింపగలదు.

అడుగున ఒక గొట్టములో నీటిలో కరిగిన అమోనియా ఉండును. మంటవేడికి అమోనియా నీటిని విడిచి ఆవిరియై పైకి పోవును. పైన, పెట్టె వెనుకభాగమున, రేకులు తొడిగిన గొట్టములు గలవు. అక్కడ ఆ యావిరి తన వేడిని బయటి గాలికి ఇచ్చివేసి ద్రవమగును. ఆ ద్రవము తన బరువుచేతనే జాఱి పెట్టెలోపలి గొట్టములలోనికి వచ్చును. అచ్చట హైడ్రోజను వాయువుతో కలిసి, మరల ఆవిరియై, పాలయొక్కయు కూరలయొక్కయు వేడిని లాగికొనును. చలి కలుగునది ఇక్కడనే. పిదప ఆ వాయువులు క్రిందికి దిగి, వెనుకనే యున్న మఱియొక గొట్టపుచుట్టలో నీటిని కలిసికొనును. నీరు అమోనియాను దప్పిగొన్నవానివలె త్రాగివేయును. అప్పుడును వేడి పుట్టును, ఆ వేడియు బయటికి పోవలయును. అమోనియా త్రాగిన నీరు తిరిగి మంటయొద్దకు చేరును. ఇట్లు నూతిలోని ఏతమువలె ఈ పని నిరంతరము సాగుచుండును.

అమోనియాతో ఇట్టి యంత్రమును 1859లో ఫ్రాన్సుదేశపు ఫెర్డినాండ్ కారే నిర్మించెను. అందు ద్రవమును త్రోయుటకు పంపు కావలసియుండెను. 1922లో స్వీడనుదేశమున స్టాకుహోములో చదువుకొనుచున్న బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్ అను ఇద్దఱు యువకులు హైడ్రోజనును చేర్చి పంపు అక్కఱలేకుండ చేసిరి. నేటి క్యాంపరులోని పెట్టె వారి కల్పనకు సంతతియే.

ఇంతయు చెప్పినది ఒక్క మాటకొఱకు. ఫ్రిజ్జు చలిని పుట్టింపదు. లోపలి వేడిని మోసికొనిపోయి వెనుక పాఱబోయును. పెట్టెలోని వేడియు, మంట ఇచ్చిన వేడియు, రెండును వెనుకటి గొట్టములనుండియే బయటి గాలిలోనికి పోవలయును. ఆ పాఱబోయుచోటు నిండిపోయినచో, తూము పూడిన చెఱువు గట్టుమీదికి వచ్చినట్లు, వేడి వెనుకకే నిలిచిపోవును. మంట వెలుగుచునే యుండును, పెట్టె మాత్రము చల్లబడదు. మా బండికి పట్టిన జబ్బు ఇదియే.

సామాన్యముగా అట్టి బండ్లలో క్రింద గోడకొక జాలీయు, పైకప్పున ఒక గవాక్షమును ఉండును. వేడిగాలి తేలిక గనుక పైకి పోవును. చల్లనిగాలి క్రిందనుండి వచ్చును. మన వంటయింటి పొగగొట్టమున్నట్లే అది పనిచేయును. కాని మా బండిలో ఫ్రిజ్జున్న భాగము ప్రక్కకు జరుపుకొనుటకు వీలుగా కట్టబడినది. అందువలన పైకప్పున గవాక్షమునకు తావులేక, రెండు జాలీలును ప్రక్కగోడకే పెట్టిరి. పైకి పోవలసిన వేడిగాలి పైజాలీకి మీదుగా నున్న మూలలో చిక్కి నిలిచిపోయినది. దానికి తోడు, గొట్టములకును గోడకును నడుమ జానెడు సందు విడిచిరి. వచ్చిన కొలదిపాటి గాలియు గొట్టములను తాకక ఆ సందులోనుండియే తప్పించుకొనిపోవుచుండెను. ఫ్రిజ్జున్న వైపే పడమటియెండకు ఎదురుగా మేము బండిని నిలుపుట మఱియొక తప్పు.

నా తప్పును కూడ దాచక చెప్పవలయును. లోపలి అరలలో మామిడిపండ్లు, కూరలు, ఊరగాయసీసాలు గాలి దూరుటకు సందులేకుండ క్రిక్కిఱియ నింపినవాడను నేనే. మందు చల్లగా నున్నదా యని గడియకొకసారి తలుపు తీసి చూచినవాడనును నేనే! అట్టి పెట్టె కంప్రెసరుపెట్టె వలె త్వరగా కోలుకొనదు. ఒక్కసారి వేడెక్కినచో మరల చల్లబడుటకు గంటలు పట్టును. అందుకే బయలుదేఱుటకు ముందునాటి రాత్రియే దానిని వెలిగించి, చల్లబఱచిన వస్తువులనే అందు పెట్టవలయునని ఆ వృద్ధుడు చెప్పెను.

పిదప ఆయన తన పనిముట్ల పెట్టెనుండి రెండు చిన్న ఫ్యానులను తీసెను. అవి కంప్యూటరులలో నుండునట్టివి. ప్రక్కకు 120 మిల్లీమీటర్లు, బ్యాటరీయొక్క 12 వోల్టులతో తిరుగునవి. వానిని వెనుకటి రేకుల గొట్టములకు దిగువగా, గాలి పైకి పోవునట్లు బిగించెను. నడుమ ఒక ఉష్ణపు స్విచ్చిని పెట్టెను. అచ్చటి వేడి 43 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యానులు తిరుగును, తగ్గినప్పుడు నిలుచును. గోడవైపు సందును ఒక రేకుతో మూసి, గాలి తప్పక గొట్టములనడుమనుండియే పోవునట్లు చేసెను. తీగకు ఒక ఫ్యూజును కూడ తగిలించెను. అంతయు రెండు గంటల పని.

నేను మాత్రము సందేహము వదలలేదు. "బయటి గాలియే 45 డిగ్రీల వేడి. ఆ వేడిగాలిని విసరినంత మాత్రమున చలి యెట్లు కలుగును?" అని యడిగితిని. ఆయన యేమి చెప్పెనో మా అబ్బాయి తెలిగించి చెప్పునంతలో, నాకు మా గురువుగారి తర్కపాఠము జ్ఞాపకమునకు వచ్చినది. మన తార్కికులు జలమునకు శీతస్పర్శమును, తేజస్సునకు ఉష్ణస్పర్శమును చెప్పి, వాయువుయొక్క స్పర్శము వేడియు గాదు, చల్లనిదియు గాదని నిర్ణయించిరి. "అయ్యా, పడమటిగాలి కాల్చుచున్నది గదా" యని నేను బాల్యమున అడుగగా, "ఆ వేడి గాలిది కాదురా, గాలి మోసికొనివచ్చినది" అని గురువుగారు సెలవిచ్చిరి. విసనకఱ్ఱ చలిని పుట్టించుటలేదు. మన యొంటియొద్ద నిలిచిన వేడిని తఱుముచున్నది. ఇక్కడను అంతే. ఆ గొట్టములు వెలుపలి గాలికంటె మిక్కిలి వేడిగా నున్నవి. వానియొద్ద నిలిచిపోయిన గాలి 45 కాదు, అంతకంటె నెంతో హెచ్చు. దానిని తఱిమి 45 డిగ్రీల గాలిని తెచ్చినను గొట్టములకు అది చల్లనిగాలియే.

ఆ రాత్రి పెట్టెలోని నీరు 4 డిగ్రీలకు దిగినది. మఱునాడు మధ్యాహ్నము మూడు గంటలకు వెలుపల మరల 45, లోపల 6. నాకది చాలలేదు. సామానులు తగ్గించితిమి గదా, బండిని నీడకు త్రిప్పితిమి గదా, మేలు దేనివలన కలిగినదో తెలియవలదా? అందుచేత మందును ఐసుపెట్టెలోనే యుంచి, మిగిలిన వేనిని మార్చక, ఫ్యానులను మాత్రము రెండు గంటలు ఆపించితిని. ఉష్ణమాపకము 9కి ఎక్కినది. మరల తిప్పగా సాయంకాలమునకు 6కి, దీపములవేళకు 5కి దిగినది. ఆ యంకెలను నా పుస్తకములో వ్రాసికొని, అప్పుడు సీసాలను మరల ఫ్రిజ్జులో పెట్టితిని. తరువాతి ఎనిమిది దినములు అది 8 డిగ్రీలు దాటలేదు.

ఆ వృద్ధుడు లోపల కూడ ఒక చిన్న ఫ్యానును పెట్టెను. దాని పని వేఱు. చల్లనిగాలి బరువుగనుక అడుగున చేరును. పై అర వెచ్చగా నుండును. ఆ చిన్న ఫ్యాను లోపలి గాలిని కలియబెట్టి చల్లదనమును అన్ని అరలకు సమముగా పంచును. వెనుకటి ఫ్యాను వేడిని వెలివేయునది, లోపలి ఫ్యాను చలిని పంచునది. మొదటిది లేక రెండవది యెంత తిరిగినను పంచుటకు చలియే యుండదు.

బ్యాటరీ ఖర్చగునేమో యని మా అబ్బాయి భయపడెను. ఒక్కొక్క ఫ్యాను ఆంపియరులో అయిదవవంతు తీసికొన్నదనుకొనుడు. రెండును 12 గంటలు తిరిగినను అయిదు ఆంపియరు-గంటలకు లోపే. బండి బ్యాటరీ 100 ఆంపియరు-గంటలది. కనుక భయము లేదు.

ఈ పనిలో తప్పరాని నియమములు కొన్ని గలవు. ఫ్యానుగాలి గ్యాసుమంటమీద పడరాదు. మంట ఆఱినచో మొదటికే మోసము. గాలి క్రిందినుండి పైకే పోవలయును. తలక్రిందులుగా బిగించినచో స్వభావముగా పోవు గాలికి ఎదురు తగిలి కీడే జరుగును. వెనుకటి గది గాలి బండిలోపలికి రాకుండ సందులన్నియు మూసియుండవలయును, ఏలయన మంటనుండి వచ్చు విషవాయువు పండుకొన్నవారికి ప్రాణాపాయము. బండి సమతలమున నిలువవలయును. గొట్టములలోని ద్రవము తన బరువుచేతనే పాఱవలసినది గనుక, బండి వాలియున్నచో ద్రవము నిలిచిపోయి, మంటయొద్ద గొట్టము మితిమీఱి కాలి శాశ్వతముగా పూడిపోవును. ఘాటైన అమోనియా వాసన వచ్చినను, గొట్టములమీద పసుపుపచ్చని పొడి కనబడినను ఫ్యానులతో పనిలేదు. గొట్టము చిల్లిపడినదని యర్థము. వెంటనే గ్యాసును, విద్యుత్తును ఆపి, అందఱును బయటికి వచ్చి, పని తెలిసినవానిని పిలువవలయును. ఫ్యాను సహాయమే కాని సంజీవని కాదు.

ఇక మన యూళ్ల మాట. మన ఫ్రిజ్జులలో కంప్రెసరు కలదు. ఫ్యానులు తగిలింప నక్కఱలేదు. కాని సూత్రమొక్కటే. వెనుకనో ప్రక్కలనో వేడిని పాఱబోయు గొట్టములుండును. మనము చేయుచున్నదేమి? చోటు కలిసివచ్చునని పెట్టెను గోడగూటిలో ఇఱికింతుము. పొయ్యి ప్రక్కనో కిటికీయెండలోనో నిలుపుదుము. వెనుక పాతసంచులు క్రుక్కుదుము. మీద దుప్పటి కప్పుదుము. ఆపై వేసవిలో చల్లబడుటలేదని దుకాణదారుని దూషింతుము. గోడకును పెట్టెకును జానెడు ఎడముంచుడు. నాలుగైదు నెలలకొకసారి ప్లగ్గు తీసివేసి, వెనుక గొట్టములు బయటికి కనబడునవైనచో వానిమీది దుమ్మును మెత్తని కుంచెతో దులుపుడు. అరలలో చేయి దూరునంత సందైన విడువుడు.

ఇంట ఇన్సులిను వాడువారుండినచో దానిని తలుపు అరలో గాని, మంచుగదికి ఆనించి గాని యుంచక, నడిమి అరలో నుంచుడు. పది రూపాయలదైనను వంద రూపాయలదైనను ఒక ఉష్ణమాపకమును ప్రక్కన పెట్టుడు. చేతితో తాకి "చల్లగానే యున్నది" అనుకొనుట చాలదు. నా చేతికి ఆ 13 డిగ్రీల పెట్టెయు చల్లగానే తోచినది.

ఆ వృద్ధునికి ఏమియిత్తునన్నను పుచ్చుకొనలేదు. కడకు మా యావిడ పెట్టిన పులిహోర మాత్రము ఆరగించి, మఱియొక గరిటెడు అడిగి పెట్టించుకొనెను. నేను అతని పేరైన సరిగా పలుకజాలను. కాని సాయంకాలము సూదిమందు తీసికొనుటకు ఫ్రిజ్జు తలుపు తీయునప్పుడెల్ల, ముందుగా దాని వెనుకకు చేయిపెట్టి చూచుట నాకు అలవాటైనది. మీరును నేడు ఇంటికి పోయి ఒకసారి అట్లు చేసి చూడుడు.

సెలవు.